ఊరికే వినిపెట్టే పిల్ల

"ఇంకొక్కళ్ళు కూడా రాకపోతే?"

పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆ మాట మనసులోనే అనుకున్నాననుకున్నాను. తీరా చూస్తే పైకే అనేశాను.

బల్ల తుడుస్తున్న మా అమ్మాయి చెయ్యి ఆగింది. "పొద్దున్నే నీ నోట్లోంచి ఇంకో మాట రాదామ్మా?"

"వస్తే సంతోషమే. రాకపోతే ఏం చేస్తావని అడుగుతున్నా."

"ఏం చేస్తానో చెప్పానుగా."

చెప్పింది. ఎక్కడో రైల్లో ఒక రాత్రంతా పోతే గానీ రాని ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీ. అందులో మిషన్లు బాగుచేసే ఉద్యోగం. అక్కడే గది, అక్కడే తిండి. వస్తావో రావో ఈ సాయంత్రంలోపు చెప్పమని సూపర్వైజరు ఇప్పటికే ఫోన్ల మీద ఫోన్లు. తను పెట్టిన క్లాసులో మనుషులు చేరితే ఇంట్లో ఉంటుంది, చేరకపోతే పెట్టె సర్దుకుంటుంది. గిన్నెలు కడిగేశానమ్మా అన్నంత తేలిగ్గా చెప్పింది.

ఆ రోజునుంచీ నాకు ఆ పెట్టె కళ్ళబడకూడదు. మంచం కింద ఉన్నదాన్ని లోపలికి, ఇంకా లోపలికి, గోడకి తగిలేదాకా తోసేశాను. ఫ్యాక్టరీ మిషన్లు ఎంత పెద్దవో. వేలు పడితే? గదికి గడియ సరిగ్గా పడకపోతే? జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసేదెవరు?

మా ఆయన వెనకనుంచి వచ్చి టీ గ్లాసు అందుకున్నారు.

"దానికి చెప్పు. ఫోను తీగ తడిగుడ్డ మీద పడేసింది."

అమ్మాయి రెండడుగుల దూరంలో ఉంది.

"మీరే చెప్పచ్చుగా?"

"నీకు చెప్పాను."

అమ్మాయి తీగ తీసి పక్కన పెట్టింది. "తీశానని చెప్పమ్మా."

"తీసిందటండీ."

ఒకే గదిలో ఉన్న ఇద్దరికి నేను పోస్టుమాన్ని. జీతం లేదు, సెలవు లేదు.

ఆయన గ్లాసు పట్టుకుని గోడకున్న తలుపు తోసుకుని షాపులోకి వెళ్ళిపోయారు. ఇంటికీ షాపుకీ మధ్య ఆ ఒక్క గోడే. కుట్టుమిషన్లు బాగుచేసే షాపు. ఆ తలుపు పక్కనే, షాపులో, ఒక పొట్టి స్టూలు ఉండేది. నడక వచ్చిన దగ్గర్నుంచి మా అమ్మాయి దాని మీదే కూర్చుని, ఆయన మిషను తిప్పుతుంటే కళ్ళు మూసుకుని "నాన్నా, కింద గీసుకుంటోంది", "నాన్నా, నూనె కావాలంటోంది" అని చెప్పేది. "నా చెవి వచ్చిందండోయ్" అని ఆయన షాపుకొచ్చిన వాళ్ళకి దాన్ని చూపించేవారు. పేరు పెట్టి పిలిచింది తక్కువ. "చెవీ, ఇటు రా" అనేవారు.

ఇప్పుడా స్టూలు ముందుగదిలో ఉంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆవిడ వచ్చి, "మీ అమ్మాయి ఫోన్లో చెప్పింది, నేనే బాగుచేసేసుకున్నా. ఇంక మీకు శ్రమ లేదండీ" అని సంతోషంగా చెప్పి వెళ్ళిన రోజున, ఆయన చేతిలో పని పక్కన పెట్టారు. స్టూలు రెండు చేతులతో ఎత్తి, తలుపు ఇవతల దించి, తలుపు మూశారు. ఆవిడ మిషను కోసం తెప్పించిన సామాను ఇంకా విప్పకుండా అలమారులోనే ఉంది.

ఆ రోజునుంచి "చెవీ" అన్న పిలుపు ఈ ఇంట్లో వినబడలేదు. నేను కూడా దానికోసం ఎదురుచూస్తున్నానని ఎవరికి చెప్పను?

* * *

"మూడు వచ్చాయిగా, ఇంకెందుకు దిగులు?" అంది అమ్మాయి బల్ల ముందు కూర్చుంటూ. ఖాళీ దారపు కండెకి ఫోను ఆనించింది. "పువ్వు, పాప, సూర్యోదయం."

అవి చేరినవాళ్ళ పేర్లు కావు. వాళ్ళు తమ ఫోన్లలో పెట్టుకున్న బొమ్మలు. ముగ్గురూ నిన్ననే, కొత్త నంబర్లనుంచి, ఫీజు కట్టి చేరారు.

"మూడు చాలా?"

"చాలవు. కానీ ఊరికే చెప్పినప్పుడు వచ్చినవాళ్ళు డబ్బంటే రారని నాన్న అన్నారు చూడు, ఆ మాట పోయింది. ఒక్కళ్ళొచ్చినా పోయినట్టే. ముగ్గురొచ్చారు!"

దాని ముఖం చూడలేక గిన్నె కేసి చూశాను.

ఆయన వాదన నాకు కంఠతా వచ్చు. "చెప్పాల్సిందంతా ముందే చెప్పేశాక ఇంకేం కొంటారు? ఇంట్లో దీపం తీసుకెళ్ళి వీధిలో పెడితే ఇల్లేమవుతుంది?" దీని వాదనా వచ్చు. "షాపుకి బోర్డుంది నాన్నా. నాకేముంది? ముఖం తెలియని మనిషిని ఎవరు నమ్ముతారు? ముందు వాళ్ళ పని ఒకటి నా చేత్తో జరగాలి. అదే నా బోర్డు." ఆ రెండు వాదనలూ అన్నం పెట్టేది నేనే కాబట్టి నా ఎదుటే జరిగేవి. ఇద్దరూ చెప్పింది నిజమే అనిపించేది. అదే నా ఖర్మ.

ఏడాది పైనే అయింది. రోజూ పొద్దున్న టీ అవగానే ఇది ఈ బల్ల దగ్గర కూర్చుంటుంది. ఎవరెవరో ఎక్కడెక్కడినుంచో తమ మిషను తొక్కి, ఆ చప్పుడు ఫోన్లో పట్టి ఇది పెట్టిన గ్రూపులో పంపుతారు. ఇది వింటుంది. "మీ పట్టీ వదులైందండీ, ఇలా బిగించండి" అని చెబుతుంది. పైసా అడగదు. వాళ్ళు "చల్లగా ఉండు తల్లీ" అంటారు. చల్లగానే ఉంటోంది. ఫ్యాను కూడా పాతదే.

ఇప్పుడు మొదటిసారి అడిగింది. మీ మిషనుకి మీరే మెకానిక్ అయ్యేలా మొత్తం నేర్పిస్తాను, దానికి ఇంత ఫీజు అంది. చేరేవాళ్ళు ముందుగా తమ మిషను చప్పుడు పంపాలని షరతు. ఈ సాయంత్రంతో గడువు సరి.

"ముందు పువ్వుది వింటాను," అంది.

"టీ తాగి విను."

"తాగాను."

"ఇంకో గ్లాసు తాగు."

"ఏంటమ్మా, నీకేమైంది?"

నాకేమైందో నాకు తెలుసు. నిప్పుల మీద కూర్చున్నట్టుంది.

అది మీట నొక్కింది. టకటక, టకటక, టకటక. నెమ్మదిగా నడుస్తున్న మిషను. అమ్మాయి కళ్ళు మూసుకుంది, చిన్నప్పటిలాగే. పెదవుల మీద నవ్వుంది. ఆ నవ్వు అలాగే ఉండి, తర్వాత దానికి ఏం చెయ్యాలో తెలియనట్టు అక్కడే ఆగిపోయింది.

పాపది పెట్టింది. అది వేగంగా నడిచే మిషను.

సూర్యోదయానిది పెట్టింది. మధ్యస్తంగా ఉంది.

మళ్ళీ పువ్వుది పెట్టి, సగంలో ఆపి, కళ్ళు తెరిచింది. నావైపు చూడలేదు. మూలనున్న నా మిషను వైపు చూసింది.

"అమ్మా."

"ఊఁ."

"చక్రం ఒక చుట్టు తిరిగొచ్చేచోట ఎక్కిలి వస్తోంది."

"ఎవరి మిషనుకి?"

"మూడింటికీ."

నేను పొయ్యి గట్టు తుడవడం మొదలుపెట్టాను.

"ఇల్లు మారినప్పుడు బండి మీంచి పడింది కదా మన మిషను. అప్పట్నుంచి దానికి ఎక్కిలి. నా గౌన్లన్నీ ఆ ఎక్కిళ్ళ మీదే కుట్టావు. అది వింటూ నిద్రపోయేదాన్ని. ఊరంతా మిషన్ల చప్పుడు విని చెబుతాను కదా, అమ్మ మిషను గుర్తుపట్టలేననుకున్నావా?"

"నువ్వు బజారుకెళ్ళినప్పుడు ఒకటి నెమ్మదిగా తొక్కానే," అన్నాను. "ఒకటి వేగంగా తొక్కాను. ఒకటి మందపాటి గుడ్డ పెట్టి తొక్కాను. నీకు తెలియని నంబర్లనుంచి పంపించాను. మూడు మిషన్లలా ఉంటుందనుకున్నాను."

ఎంత తెలివి చూశారా. ఆ తెలివికి నేనే ఆశ్చర్యపోయాను కూడా, తొక్కేటప్పుడు.

"ఎవరు వీళ్ళు?"

"పాప మీ పిన్ని. వాళ్ళ మనవరాలి బొమ్మ పెట్టింది."

"సూర్యోదయం?"

"మేడమీదావిడ."

"పువ్వు?"

చెప్పడానికి నోరు తెరిచేలోగా పువ్వే ఫోన్ చేసింది. నా ఫోను బల్లమీదే ఉంది. తెరమీద 'తమ్ముడు' అని పడింది. నేను అందుకునేలోగా అమ్మాయి నొక్కింది. మా తమ్ముడు లారీ తోలతాడు. వాడి గొంతు ఇంజను చప్పుడు మీద అరవడానికే అలవాటు పడింది.

"అక్కా! నీ కూతురు పొద్దున్నే మెసేజీ పెట్టిందే. నా మిషను ఏ కంపెనీదని అడుగుతోంది. ఏం చెప్పమంటావు? నాకు లారీ కంపెనీలు తప్ప తెలియవు. అలాగే చెప్పెయ్యనా?"

"మావయ్యా, నేను."

అవతల లారీ కూడా ఆగినట్టయింది.

"ఓసి నువ్వా! బాగున్నావా తల్లీ?"

"బాగున్నాను. పువ్వు చాలా బాగుంది మావయ్యా."

"అది మీ అత్త పెట్టింది. మందారం... ఉంటానే, ముందు పోలీసాయన చెయ్యి ఊపుతున్నాడు." పెట్టేశాడు.

ఇంకో రోజైతే ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. అది నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏదీ బయటికి రాలేదు.

* * *

"ఫీజు కూడా నువ్వే సర్దావు కదూ?"

"రవికలు కుట్టిన డబ్బులేలే. నాకేం ఖర్చులున్నాయి?"

"ఎందుకమ్మా?"

"ఎందుకేమిటే? నువ్వు వెళ్ళిపోతావని!"

"వెళ్తే రోజూ ఫోన్ చేస్తాను."

"ఫోను చేస్తే నీ జ్వరం నా చేతికి తెలుస్తుందా?"

"నాకు జ్వరం లేదు!"

"వస్తే అంటున్నా."

అది లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"అమ్మా, ఇన్నాళ్ళూ నేను ఊరికే ఎందుకు చెప్పానో నీకు తెలుసా? పిచ్చి పట్టి కాదు. వాళ్ళ పని అయిపోయాక కూడా నేను వాళ్ళకి గుర్తుంటానా, నా దగ్గరికి మళ్ళీ వస్తారా, ఆ ఒక్కటి తెలుసుకుందామని. వస్తారనే నా ధైర్యం. రాకపోతే రాలేదని తెలిసేది. ఏడ్చేదాన్ని. అయినా అది నిజం ఏడుపు అయ్యేది. నువ్వు నాకు ఏడుపు కూడా మిగల్చలేదు."

"నీకు తోడు చేశాననుకున్నానే."

"నిన్న ఎంత సంతోషించానో తెలుసా నీకు? పువ్వుకి మొదట ఏం నేర్పాలా అని ఆలోచించుకుంటూ పడుకున్నాను. లారీ తోలే మావయ్యకి బాబిన్ ఎక్కించడం!"

గోడ అవతల సుత్తి చప్పుడు ఆగింది.

ఇద్దరం ఆ వైపు చూశాం. కాసేపటికి మళ్ళీ మొదలైంది, ముందుకన్నా నెమ్మదిగా.

"విన్నారేమో," అన్నాను.

"విననీ. ఆయన అన్నట్టే అయింది. ఎవరూ రాలేదు. ఇంక సంతోషంగా ఉండచ్చు."

"అలా అనకే. ఆయన సంతోషంగా లేరు."

"నీకు చెప్పారా?"

చెప్పలేదు. కానీ స్టూలు తీసేసిన చోట ఆయన ఇప్పటికీ ఏమీ పెట్టలేదు. షాపులో అడుగు పెట్టే చోటు లేకపోయినా, ఆ చోటు చుట్టూ తిరిగి నడుస్తారు. ఈ మాట చెబితే వింటుందా అని ఆలోచిస్తుండగానే అది ఫోను తీసి, ముగ్గురి ఫీజూ వెనక్కి పంపేసింది. తర్వాత పువ్వు చప్పుడు మళ్ళీ పెట్టింది.

"ఇంకా ఎందుకే దాన్ని వినడం? తప్పయింది అన్నానుగా."

"అనలేదు నువ్వు."

"ఇప్పుడంటున్నా."

అది వినిపించుకోలేదు. మిషను టకటకలాడింది, ఎక్కిలి పడింది, ఆగింది. ఆగిన తర్వాత కూడా, పక్కన నిలబడి పట్టిన తమ్ముడు ఆపడం మర్చిపోయినట్టున్నాడు, ఫోను చప్పుళ్ళు పట్టుకుంటూనే ఉంది. దూరంగా, గోడ అవతలనుంచి దగ్గు. ఆ తర్వాత ఆయన గొంతు, "ఇదిగో, ఎవరొచ్చారు?" అని నన్నడగడం.

అమ్మాయి వేలితో వెనక్కి లాగింది. మళ్ళీ దగ్గు. మళ్ళీ ఆ గొంతు.

మూడోసారి లాగినప్పుడు నాకు అర్థమైంది అది మిషనుని వినడం లేదని.

పక్కకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

* * *

మధ్యాహ్నానికి అది చేసిన పని నేను కలలో కూడా అనుకోలేదు. గ్రూపులో, అంతమంది ముందు, తన గొంతుతోనే చెప్పేసింది.

"నిన్న ముగ్గురు చేరారని చెప్పాను కదా. ఆ ముగ్గురూ మా ఇంటివాళ్ళే. మా అమ్మ నా మీద ప్రేమతో చేర్పించింది. మీలో ఒక్కరు కూడా చేరలేదు. ఇది నిజం. ఈ సాయంత్రం దాకా చూస్తాను."

"పరువు తీసుకెళ్ళి రోడ్డు మీద పెట్టావు కదే!"

"రోజూ అందరి మిషన్లలో తప్పులు అందరి ముందే చెబుతాను. మన ఇంట్లోది మాత్రం దాచుకోనా?"

"నవ్వుతారు."

"నవ్వనీ. ఏదో ఒకటి అననీ."

ఎవరూ ఏదీ అనలేదు. అదే నేను భయపడని భయం. తిడతారని భయపడ్డాను, నవ్వుతారని భయపడ్డాను. ఒక్కరూ పలకకపోవడం అన్నది ఉంటుందని నాకు తట్టలేదు. చూసినట్టు గుర్తులు పడుతూనే ఉన్నాయి. ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు, వింటున్నారు, వెళ్ళిపోతున్నారు. పొద్దున్నే "తల్లీ" అన్నవాళ్ళు, "నా చెల్లివి" అన్నవాళ్ళు. వీధిలో తలుపు తెరిచి పెట్టుకుని కూర్చుంటే, తెలిసినవాళ్ళంతా గుమ్మం ముందు నడుచుకుంటూ లోపలికి తొంగి చూసి పోతున్నట్టుంది.

నేను బల్ల దగ్గరే నిలబడ్డాను. ఒక్క మాట, మంచిదో చెడ్డదో, ఆ తెర మీద పడాలని ఎంత కోరుకున్నానో. దాని పెళ్ళి గురించి కూడా నేనంత కోరుకోలేదు.

"భోజనం చెయ్యవే."

"ఆకలి లేదు."

"నాకుంది."

"నువ్వు తిను."

నేనూ తినలేదు.

ఎండ కిటికీలోంచి బల్ల మీదికి వచ్చి, బల్ల దిగి, నేల మీద పడింది. అప్పుడు అది లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. మంచం కిందికి వంగి చెయ్యి చాపడం వినబడింది. చెయ్యి అందలేదు. పడుకుని చాపింది. గచ్చు మీద పెట్టె గీసుకుంటూ ముందుకొచ్చిన చప్పుడు నా పక్కటెముకల్లో వినబడింది.

"దీన్ని ఇంత లోపలికి ఎవరు తోశారు?"

నేను బల్ల మీది దారపు పోగులు ఏరుతున్నాను.

పెట్టె తెచ్చి ముందుగది మధ్యలో పెట్టింది. మూత తెరవలేదు. ఫోను చేతిలోకి తీసుకుంది. ఫ్యాక్టరీవాళ్ళకి చెప్పడానికేనని తెలుసు. చెప్పకే అందామనుకున్నాను. నేను చేసిన ఘనకార్యం తర్వాత, అనే హక్కు నాకెక్కడుంది?

గోడకున్న తలుపు తెరుచుకుంది.

ఆయన నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డారు. పెట్టెని చూశారు. నన్ను చూశారు. "దానికి చెప్పు" అంటారని నేను సిద్ధంగా ఉన్నాను. అనలేదు. ఊరికే తుడుచుకుంటున్నారు. ఆ చేతులకి ఇంక తుడవడానికేమీ లేదు.

"నాన్నా," అంది అది.

ఆ పిలుపు ఈ గదిలో నేరుగా పడి ఎన్నాళ్ళయింది!

"నువ్వు చెప్పిందే నిజమైంది. ఎవరూ రాలేదు. గ్రూపు ఉంచుకోవడం కూడా దండగే. ఇప్పుడే మూసేస్తాను." వేలు తెర మీద పెట్టింది. "మూసేయమంటావా?"

ఆయన గుడ్డ మడత పెట్టారు. విప్పారు. మళ్ళీ మడత పెట్టారు.

నాకు ఆగలేదు. "ఏమండీ, మూసేయమం..."

"నువ్వు చెప్పకమ్మా," అంది అమ్మాయి నావైపు చూడకుండా. "నాన్నే చెప్పాలి."

నేను నోరు మూసుకున్నాను. నా ఉద్యోగం ఊడింది.

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. దాని చేతిలో ఫోను మోగింది. తెర మీద సూపర్వైజరు నంబరు. మోగింది, మోగింది, చివరికి విసిగి ఆగిపోయింది. అది ఎత్తలేదు. వాళ్ళ నాన్న ముఖం మీంచి కళ్ళు తియ్యలేదు. నేను మనసులో మొక్కని దేవుడు లేడు. ఉండమనండి. పోనీ, పొమ్మనండి. తిట్టండి. దాన్ని చూసి ఏదో ఒకటి అనండి.

ఆయన గుడ్డ భుజం మీద వేసుకున్నారు.

"ఆ కాలర్లు కుట్టే ఆవిడ," అన్నారు. నాతో కాదు. దానితో. "మొన్న పొద్దున పంపింది చూడు, దారం తెగుతోందని. నువ్వు సూది మార్చమన్నావు. గోడ అవతల్నుంచి నేనూ విన్నాను. అది సూది కాదు. ఆవిడ ఈపాటికి సూది మార్చి, మళ్ళీ తెంపుకుని, నీకోసం కూర్చుని ఉంటుంది. ఆవిడ సంగతి తేల్చకుండా ఎలా మూస్తావే?"